ఎవరి ప్రోద్బలమూ లేకుండా

పొన్నూరులో మా వీధికొచ్చి "రైటరు గారి ఇల్లు ఎక్కడండీ?" అని అడిగితే ఆడుకునే పిల్లలు కూడా మా ఇల్లే చూపించేవాళ్ళు. రైటరంటే మా నాన్న. రిజిస్ట్రారాఫీసు దగ్గర ఒక రేకుల గదిలో కూర్చుని అమ్మకాలకీ తనఖాలకీ పంపకాలకీ దస్తావేజులు రాసేవాడు. కథలు రాసేవాళ్ళని కూడా రైటర్లే అంటారని నాకు ఏడో తరగతిలో తెలిసింది. తెలిశాక కూడా చాలాకాలం నా మనసులో ఆ రెండు పనులూ ఒకటే. ఇప్పుడు ఆ గదిలో, అదే బల్ల దగ్గర నేను కూర్చుంటున్నాను. పగలు దస్తావేజులు, రాత్రి కథలు. ఇప్పటికి ఇరవై మూడు కథలు అచ్చయ్యాయి.

పోయిన నెల డిగ్రీ చదివే ఒక అమ్మాయి అఫిడవిట్ టైపు చేయించుకోడానికి వచ్చింది. డబ్బులిచ్చి కూడా కదల్లేదు. "అక్కా, ఆదివారం పేపర్లో కథ మీదేనటగా? మీకు కథలు ఎక్కడ దొరుకుతాయి? నేను రాద్దామని కూర్చుంటాను, ఏమీ తోచదు" అంది. వెనక నలుగురు నిలబడి ఉన్నారు, ఒకాయన స్లాట్ టైము దగ్గరపడుతోందని టెన్షన్ పడుతున్నాడు. "ఇంకోసారి రామ్మా, మాట్లాడుకుందాం" అని పంపేశాను. రాత్రంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ అదే మాట నాన్నని అడిగాను. అందుకే ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

దస్తావేజుల్లో ఒక వాక్యం ఉంటుంది. వీలునామాల్లో మరీ ముఖ్యంగా రాస్తాం: "నేను పూర్తి స్పృహలో ఉండి, నా ఇష్టప్రకారము, ఎవరి ప్రోద్బలమూ బలవంతమూ లేకుండా రాసి ఇచ్చినది." కొన్ని వందలసార్లు రాసుంటాను ఈ మాటని. ఆస్తి రాసిచ్చే మనిషిని ఎవరూ ప్రోద్బలం చేయకూడదు, అది న్యాయం. కథ రాసే మనిషిని మాత్రం ఏదో ఒకటి పట్టుకుని ప్రోద్బలం చేయాల్సిందే. ఖాళీ కాగితం ముందు నా అంతట నేను కూర్చుని రాసిన కథ ఒక్కటి కూడా లేదు.

2004లో నా డిగ్రీ అయింది. ఆ ఏడు ఒక పత్రికలో ఉగాది కథల పోటీ ప్రకటన చూశాను. "ఇతివృత్తం రచయితల ఇష్టం" అని ఉంది. ఆ మాట చదివి ఎంత సంతోషపడ్డానో! లాంగ్ నోట్‌బుక్ కొనుక్కున్నాను. మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. రైతు గురించి రాద్దామనుకున్నాను. రైతు అని రాయగానే నాగలి భుజాన వేసుకుని సినిమా పోస్టరు మీది మనిషి వచ్చి నిలబడేవాడు. మా వీధి చివర మినుములు ఆరబోసుకుని, కాకుల్ని తోలుతూ, చెవి దగ్గర ట్రాన్సిస్టరు పెట్టుకుని పాటలు వినే మనిషి రోజూ నా కిటికీలోంచి కనిపిస్తూనే ఉన్నాడు. ఆయన్ని రైతుగా నేను గుర్తుపట్టలేదు. తర్వాత స్త్రీ గురించి మొదలుపెట్టాను. రెండు పేజీల్లో ఆమె మూడుసార్లు ఏడ్చింది, ఎందుకు ఏడుస్తోందో నాకే తెలియలేదు. గడువు దాటిపోయింది. నాకు రాయడం రాదని నిర్ణయించుకుని నాన్న పక్కన కూర్చుని దస్తావేజులకి ఫెయిర్ కాపీలు రాయడం మొదలుపెట్టాను.

ఆ కార్తీకంలో ఊళ్ళో ఒక కల్యాణ మండపంలో అష్టావధానం పెట్టారు. నాన్నకి పద్యాలంటే ప్రాణం. ఆకాశవాణి వాళ్ళు సమస్యాపూరణంలో సమస్య ఇస్తే పోస్టుకార్డు మీద పూరణ రాసి పంపేవాడు. ఒకసారి రేడియోలో ఆయన పేరు, ఊరు పేరు చదివారు. ఆ రోజు అమ్మ సేమ్యా పాయసం చేసింది. సంస్థానాలన్నీ తిరిగి అవధానాలు చేసిన తిరుపతి వేంకట కవుల గురించి నాకు అన్నం తినిపిస్తూ చెప్పేవాడు. ఆయన బలవంతం మీద ఆ సాయంత్రం నేనూ వెళ్ళాను.

అవధానం చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. మధ్యలో అవధాని కూర్చుంటారు. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు. ఒకరు సమస్య ఇస్తారు, అంటే అర్థం పొసగని ఒక పాదం. మిగతా పద్యం చెప్పి దానికి అర్థం వచ్చేలా చేయాలి. ఒకరు దత్తపది ఇస్తారు, అంటే నాలుగు మాటలిచ్చి, అవి నాలుగూ వచ్చేలా ఫలానా విషయం మీద పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి అడిగే ఆయన పని ఇంకా కఠినం. అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి అది వాడొద్దని అడ్డుపడతాడు. ఒకరు ఘంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో చివర్లో చెప్పాలి. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగం చేస్తూ ధ్యాస చెదరగొడుతుంటారు.

ఆ రోజు దత్తపదికి కారు, బస్సు, రైలు, లారీ ఇచ్చి భారతార్థంలో, అంటే మహాభారత కథకి సరిపోయేలా, చెప్పమన్నారు. జనం నవ్వారు. నాకు మాత్రం అవధాని గారి మీద జాలేసింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకున్నారు. పద్యం మొత్తం నాకిప్పుడు గుర్తులేదు కానీ, పాండవులు పిరికివారు "కారు" అన్న చోట మండపమంతా చప్పట్లు కొట్టింది మాత్రం గుర్తుంది. పెట్రోలు వాసన వేసే మాట కాస్తా క్షణంలో కురుక్షేత్రంలోకి వెళ్ళిపోయింది. ఆ మాట ఇవ్వకపోతే ఆయన ఆ వాక్యం జన్మలో అనేవారు కాదు.

తిరిగి వస్తుంటే స్కూటరు మీద నాన్న అన్నాడు: "చూశావా అమ్మాయ్, ఎనిమిది మంది కూర్చున్నారు. 'ఏదో ఒకటి చెప్పండి' అని ఒక్కరన్నా అడిగారా?"

నేనేమీ మాట్లాడలేదు. ఆయన ఉగాది పోటీ గురించే అంటున్నాడని తెలుసు.

రెండో రోజో మూడో రోజో అన్నదమ్ముల పంపకం ఒకటి రాస్తున్నాం. ఈ పని తెలియనివాళ్ళకి చెప్పాలంటే, ఏ దస్తావేజైనా చివర్లో షెడ్యూలు ఉంటుంది, అందులో ఆస్తికి నాలుగు హద్దులూ రాస్తాం. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం. ఇవాళైతే సర్వే నంబర్లు, కొలతలు, ఫోటోలు ఉన్నాయి. పాత కాగితాల్లో "పడమర: వేపచెట్టు", "ఉత్తరం: గొడ్ల దొడ్డి గోడ" అనే ఉండేది. పంపకం రాసేటప్పుడు కొన్ని విడదీయలేం. నడవ దారి, మధ్య గోడ, బావి. నాన్న చెప్తున్నాడు, నేను రాస్తున్నాను: "సదరు ఉమ్మడి బావిలో సగము హక్కు..."

కలం ఆపి అడిగాను. "బావిలో సగం అంటే ఏ సగం నాన్నా?"

నాన్న కళ్ళజోడు తీసి నా వైపు చూశాడు. "నీళ్ళకి హద్దు ఎవరు రాయగలరమ్మా" అన్నాడు. మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని తర్వాతి వాక్యం చెప్పాడు.

ఆ రాత్రి మేడ మీదికి వెళ్ళి లాంగ్ నోట్‌బుక్ తీశాను. ఇద్దరు తోడికోడళ్ళు. మాటలు లేవు. బావి ఒక్కటే. గిలక ఒక్కటే. చేంతాడు ఎవరిది వాళ్ళది. తెల్లవారుజామున ఒకావిడ తోడుకుని వెళ్ళాక రెండో ఆవిడ వస్తుంది. గిలక ఇంకా తడిగా ఉందంటే అక్క లేచింది, ఒంట్లో బాగానే ఉంది. ఒక రోజు గిలక పొడిగా ఉంది. అంతే కథ. పద్నాలుగు పేజీలు ఆగకుండా రాశాను. 2006లో అచ్చయిన నా మొదటి కథ అది.

ఆ కథ రాసేటప్పుడు "స్త్రీ" అన్న మాట నా తలలోకి రాలేదు. "ఏ సగం?" అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. కాబట్టి రాయడానికి విషయం వెతుకుతున్నవాళ్ళకి నేను మొదట చెప్పేది ఇదే: విషయాన్ని వదిలేయండి, ముందు హద్దులు రాయండి. మీకు బాగా తెలిసిన ఒక చోటు తీసుకోండి. చిన్నప్పటి ఇల్లు కావచ్చు, హాస్టలు గది కావచ్చు, అమ్మమ్మ వంటిల్లు కావచ్చు. దస్తావేజులో రాసినట్టే తూర్పున ఏముందో, దక్షిణాన ఏముందో, పడమరన, ఉత్తరాన ఏమున్నాయో ఒక్కో లైను రాయండి. వర్ణనలొద్దు. నాలుగింటిలో మూడు చకచకా వచ్చేస్తాయి. ఒకటి దగ్గర చెయ్యి ఆగుతుంది. ఏముందో గుర్తురాకపోవచ్చు, లేదా గుర్తుండి కూడా రాయబుద్ధి కాకపోవచ్చు. నా కథల్లో అయిదారు ఆ ఆగిన చోటే మొదలయ్యాయి.

పాత లింకు డాక్యుమెంట్లు వరసగా చదివినా ఇదే జరుగుతుంది. ఒకే స్థలానికి మూడు తరాల కాగితాలు. నాన్న నాకు గొలుసుకట్టు రాత, అంటే అక్షరాలు కలిపేసి రాసే పాత రాత, చదవడం నేర్పాడు కాబట్టి పాతవి కూడా చదవగలను. ఒకదాంట్లో తూర్పు హద్దు చింతచెట్టు. తర్వాతిదాంట్లో "పూర్వము చింతచెట్టు ఉన్న స్థలము". ఆ తర్వాతిదాంట్లో సిమెంటు రోడ్డు. ఆ రెండో కాగితం రాసిన మనిషి గురించే నాకు ఆలోచన. చెట్టు పోయాక కూడా చెట్టు పేరే చెప్పి తన స్థలాన్ని గుర్తుపడుతున్నాడు.

ఇక్కడొక మాట చెప్పాలి. మా వృత్తిలో జనం వాళ్ళ ఇళ్ళలో విషయాలన్నీ మా ముందు పెడతారు. ఏ కొడుక్కి ఎందుకు తక్కువ ఇస్తున్నారో, ఏ కూతురు సంతకం పెట్టనందో అన్నీ చెప్తారు. "బల్ల మీద చెప్పింది బల్ల దాటకూడదు" అని నాన్న నాకు మొదటి రోజే చెప్పాడు. నేను ఆ మాట తప్పలేదు. ఎవరి కుటుంబం కథా నేను రాయలేదు. పైన చెప్పిన అన్నదమ్ముల ఇళ్ళలో తోడికోడళ్ళు ఎలా ఉండేవాళ్ళో కూడా నాకు తెలియదు, నేను అడగలేదు. నేను తీసుకున్నది "సగము హక్కు" అన్న రెండు మాటలే. అవి చాలా పంపకాల్లో ఉంటాయి, ఎవరి సొంతమూ కావు. ఎదుటివాళ్ళ బాధని ఎత్తుకొచ్చి పేరు మార్చి కథ చేయడం నాకు తప్పుగా అనిపిస్తుంది. పైగా మొత్తం కథ చేతికొచ్చేస్తే మనం ఊహించడానికి ఏమీ మిగలదు, ఉత్త ఫెయిర్ కాపీ అవుతుంది.

అందుకే నేను మాటలు మాత్రమే పోగేసుకుంటాను. ప్రతి శనివారం సాయంత్రం గది తాళం వేసే ముందు, ఆ వారంలో చెవినో కంటనో పడ్డ నాలుగు మాటలు ఒక చిన్న కాగితం మీద రాస్తాను. నాకు నేను ఇచ్చుకునే దత్తపది అది. ఆదివారం పొద్దున్న ఆ నాలుగూ వచ్చేలా ఒక పేజీ రాయాలి. ఒక నియమం పెట్టుకున్నాను: నాలుగింటిలో ఒకటైనా మిగతా మూడింటితో అస్సలు పొసగని మాటై ఉండాలి.

ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. ఒక వారం నా మాటలు ఇవి: వేలిముద్ర, గొడుగు, రెండో సాక్షి, కారప్పూస. వీలునామాకి స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం మీద రాయొచ్చు, కానీ ఇద్దరు సాక్షులు తప్పనిసరి. కాబట్టి మొదటి మూడు మాటలకీ కథ తేలిగ్గానే కుదిరింది. వాన పడుతోంది, ఒక ముసలాయన వీలునామా మీద వేలిముద్ర వేయడానికి వచ్చాడు, రెండో సాక్షి ఇంకా రాలేదు, అందరూ ఎదురు చూస్తున్నారు. అక్కడిదాకా రాసి చదువుకుంటే పేలవంగా ఉంది. ఇంక కారప్పూస ఎక్కడ పెట్టను? ముసలాయన చేతిలో పొట్లం పెట్టాను. పళ్ళు లేని మనిషి, కారప్పూస ఎలా తింటాడు? అయితే తనకోసం కొనుక్కోలేదు. ఎవరికోసం? రెండో సాక్షి కోసం. సాక్షి సంతకానికి కారప్పూస ఎందుకు తేవాలి? అప్పుడు తెలిసింది నాకు, ఆ రెండో సాక్షి ఆయన చిన్ననాటి స్నేహితుడని, పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవని, ఇప్పుడు సాక్షి వంక పెట్టి కబురు చేశాడని. వీలునామా కథలో వెనక్కి వెళ్ళిపోయింది. వానలో గొడుగు కింద ఒక మనిషి వస్తాడా రాడా అన్నదే మిగిలింది. ఇమడని మాట ఒకటి లేకపోతే ఆ ముసలాయన ఎప్పటికీ ఉత్త ముసలాయనగానే ఉండిపోయేవాడు.

సమస్యలూ అంతే, వెతికితే రోజూ దొరుకుతాయి. తెనాలి రామకృష్ణుడి పేరు మీద చెప్పుకునే చాటువు, అంటే నోటినోటా తిరిగే విడి పద్యం, ఒకటి మీకు తెలిసే ఉంటుంది. "కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్" అని సమస్య. ఏనుగుల మంద దోమ గొంతులో దూరడమేమిటి? పాండవులంతటివాళ్ళు విరాటరాజు కొలువులో పనికి కుదరాల్సి వచ్చింది, విధిని ఏమనాలి, ఏనుగుల మంద దోమ గొంతులో దూరింది కదా అని పూరణ. అబద్ధంలా ఉన్న మాట, ఎవరి విషయంలో నిజమో ఆ మనుషులు దొరికేసరికి నిజమైపోయింది. నేను ఆ పద్ధతినే పట్టుకున్నాను. టీకొట్టు దగ్గర ఒకాయన ఫోన్లో అంటున్నాడు: "నా ఇంటికి నేనే అద్దె కడుతున్నానురా." ఆయనెవరో నాకు తెలియదు, ఎందుకన్నాడో తెలియదు. కానీ ఈ మాట ఎవరి నోట్లో నిజమవుతుంది? ఇల్లు అమ్మేసి, వదిలి వెళ్ళలేక, కొన్నవాళ్ళనే బతిమాలుకుని అందులోనే అద్దెకున్న మనిషి నోట్లో. దేవుడి గదిలో మేకు కొట్టడానికి కూడా ఇంటావిణ్ణి అడగాలి. ఆ మేకు దగ్గర కథ మొదలుపెట్టాను.

రిజిస్ట్రారాఫీసుతో సంబంధం లేనివాళ్ళకి ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయని అడగొచ్చు. మీ ఇంట్లో చదివింపుల పుస్తకం ఉంటుంది, వెతకండి. పెళ్ళిలో ఎవరెంత చదివించారో రాసిన నోటు పుస్తకం. మళ్ళీ వాళ్ళింట్లో శుభకార్యానికి ఇవ్వాలి కాబట్టి ఎవరూ పారేయరు, బీరువాలో పట్టుచీరల కింద ఉంటుంది. 1976లో జరిగిన మా అమ్మ పెళ్ళి పుస్తకం నా దగ్గరుంది. పసుపు రాసిన అట్ట. మొదటి పేజీలో శ్రీరస్తు, శుభమస్తు. తర్వాత వరసగా పేర్లు. పదకొండు రూపాయలు, స్టీలు గిన్నె ఒకటి. ఇరవై ఒకటి. కుంకుమ భరిణె. పెద్దవాళ్ళెవరో నూట పదహార్లు. ఆ పుస్తకం చదువుతుంటే అప్పటి మా బంధువర్గమంతా వరసలో నడిచొస్తున్నట్టు ఉంటుంది. ఎవరికి ఎంత ఉంది, ఎవరికి లేకపోయినా ఎంత పెట్టారు, అన్నీ ఆ అంకెల్లోనే ఉన్నాయి. అయిదో పేజీలో ఒక లైను: "5 రూ. పేరు వద్దన్నారు."

పెళ్ళికొచ్చి, క్యూలో నిలబడి, డబ్బులిచ్చి, పేరు రాయొద్దన్నది ఎవరు? అమ్మని అడిగితే "అప్పుడు పీటల మీద ఉన్నాను, నాకేం తెలుసే" అంటుంది. ఆ లైను మీద ఇప్పటికి రెండు కథలు మొదలుపెట్టాను. ఒకదాంట్లో ఆ మనిషి పెళ్ళివారింటికి బాకీ ఉన్నవాడు. రెండోదాంట్లో ఎవరో చెప్పను, అది ఇంకా పూర్తి కాలేదు.

ఇంటర్నెట్లో రాయడానికి ప్రేరణ కోసమంటూ వందల ప్రశ్నలు దొరుకుతాయి. కొన్నాళ్ళు వాటితో కూడా ప్రయత్నించాను. "మంచు తుఫానులో ఇద్దరు అపరిచితులు ఒక ఇంట్లో చిక్కుకున్నారు" అని ఒకటి వచ్చింది. నేను మంచు చూడలేదు. రాస్తే సినిమాల్లో చూసిన మంచే వస్తుంది. పక్కన పెట్టేద్దామనుకుని, ఆగి, మనకి తుఫాను అంటే ఏమిటని ఆలోచించాను. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన రోజు. సముద్రం మా దాకా రాలేదు కానీ, ఆ రాత్రి గాలికి మా ఇంటి పెంకులు లేచిపోయాయట. అన్నయ్య అమ్మ కడుపులో ఉన్నాడు. నానమ్మ, అమ్మ, దారిన పోతూ తలుపు తట్టిన ఒక గాజులమ్మే ఆవిడ, ముగ్గురూ పందిరిమంచం కింద దూరి తెల్లార్లూ కూర్చున్నారట. ఆవిడ గాజుల మలారం మంచం కిందికి పట్టక బయటే ఉండిపోయిందట. ఎక్కడో రాసిన ప్రశ్న అడగబట్టే అమ్మ ఇదంతా చెప్పింది. అంతకుముందు నలభై ఏళ్ళలో ఒక్కసారి చెప్పలేదు. పరాయి ప్రశ్నలు పనికిరావని నేననను. కానీ ముందు వాటిని మన ఊరికి తెచ్చుకుని, మన ఇంట్లో పెద్దవాళ్ళని అడగాలి.

నిషిద్ధాక్షరి గురించి చెప్పకుండా ఆపలేను. ఇది రాయడం నాకు కొంచెం కష్టం.

నాన్న 2019లో పోయాడు. ఆయన గురించి రాయాలని ఏడాది పాటు ప్రయత్నించాను. ప్రతిసారీ "నాన్న లేడు" అని మొదలయ్యేది, కళ్ళు నిండిపోయేవి, నాలుగు లైన్ల తర్వాత కాగితం మీద ఉన్నది నాన్న గురించి కాకుండా నా ఏడుపు గురించే అయ్యేది. ఒక రాత్రి ఆ అవధానం గుర్తొచ్చింది. పృచ్ఛకుడు దగ్గరి దారులన్నీ మూసేస్తుంటే అవధాని గారు తనకే తెలియని దారిలో వెళ్ళడం గుర్తొచ్చింది. కాగితం పైన రాసుకున్నాను: నిషిద్ధం - నాన్న, లేడు, జ్ఞాపకం, కన్నీళ్ళు. ఈ నాలుగు మాటలూ రాకూడదు.

అరగంట ఏమీ రాలేదు. తర్వాత స్టాంపు ప్యాడ్ వచ్చింది. వేలిముద్ర వేసిన ప్రతి ముసలమ్మ వేలూ తుడవడానికి బల్ల సొరుగులో ఉండే పాత పంచె ముక్క వచ్చింది. దాన్ని కొబ్బరినూనెలో ముంచి, ఆ వేలు తనే పట్టుకుని తుడిచేవాడు, "మీ అబ్బాయి రాసింది చదివి వినిపించాడా అమ్మా? లేకపోతే నేను చదువుతాను, విను" అంటూ. 1998లో ఆఫీసులకి కంప్యూటర్లొచ్చినప్పుడు, చేతిరాత దస్తావేజుల రోజులు పోతున్నాయని తెలిసి కూడా, కొత్త సిరా బుడ్డి ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు. అది సగం దాకా వచ్చి ఎండిపోయింది, ఇప్పటికీ కిటికీలో ఉంది. ఇవన్నీ నాకు తెలుసునని నాకే తెలియదు. తెల్లవారేసరికి తొమ్మిది పేజీలయ్యాయి. వాటిలో "నాన్న" అన్న మాట ఎక్కడా లేదు. అమ్మ చదివి, ఆ పంచె ముక్క ఎక్కడుందని అడిగింది. ఇచ్చాను. అప్పట్నుంచి అది అమ్మ దగ్గరే ఉంది.

మొన్న గురువారం ఆ డిగ్రీ అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి పని లేదు, నాకోసమే వచ్చింది. భోజనాల వేళ, గదిలో ఎవరూ లేరు. డబ్బాలో పులిహోర చెరికాస్త తిన్నాం. హద్దుల సంగతి చెప్పి, తెల్లకాగితం ఇచ్చి, నువ్వుండే గదికి రాయమన్నాను. గుంటూరులో హాస్టల్లో ఉంటుందట, శనివారాలు మా ఊరి స్టేషను నిడుబ్రోలులో దిగి ఇంటికొస్తుందట. నేను అటు తిరిగి ఈసీ కాగితాలు, అంటే ఆస్తుల మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్లు, సర్దుకుంటున్నాను. అయిదు నిమిషాల్లో ఇచ్చింది.

"తూర్పు: కిటికీ, కిటికీ అవతల బస్టాండు. దక్షిణం: మంచం. పడమర: నా మంచం. ఉత్తరం: తలుపు."

"బాగుంది" అన్నాను. దక్షిణం దగ్గర వేలు పెట్టి, "ఈ మంచం ఎవరిది?" అని అడిగాను.

"ఇప్పుడెవరూ లేరక్కా. పరుపు కూడా తీసేశారు." కాసేపు ఊరుకుంది. "ఆగస్టు దాకా ఉంది" అని ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది.

నేనింకేమీ అడగలేదు. దక్షిణం అన్న మాట కింద పెన్సిల్‌తో గీత గీసి, కాగితం మడిచి తన చేతిలో పెట్టాను.